పది గట్టెక్కాలంటే జూన్‌ల ఫైలు కట్టాలె: దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులకు

దేవరకొండ బస్టాండుకు కొంచెం ఇవతల నాది చిన్న జిరాక్స్ షాపు. రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, ఒక లామినేషన్ డబ్బా. పదహారేండ్ల సంది ఇదే బతుకు. ఏటా మార్చిల హాల్‌టికెట్లు వచ్చినంక ఎవరో ఒకరు కౌంటర్ కాడ నిలబడి అదే మాట అడుగుతరు: "అన్నా, మా పిలగానికి చెయ్యి సక్కగ పనిజెయ్యది. పరీక్షల రాసిపెట్టేటందుకు ఒకరిని ఇస్తరట గదా, ఆ ఫారం నీ దగ్గర ఉన్నదా?"

ఫారం ఉంటది. రెండు రూపాయలు. కానీ అప్పటికి టైం అయిపోయి ఉంటది.

మా పెద్దబిడ్డకు పుట్టినప్పటి నుంచే చూపు తక్కువ. రెండు కండ్లకు ఆపరేషన్లు అయినా నల్లబల్ల మీది అక్షరం ఆనదు. పుస్తకం ముక్కుకు ఆనించుకొని చదువుతది. ఆమెను పది దాటించేటప్పుడు నేను చేసిన తప్పులు, పడ్డ తిరుగుడు, తర్వాత షాపుకొచ్చినోళ్ల కాగితాలు చూసి నేర్చుకున్నది, అన్నీ కలిపి రాస్తున్న. నేను లాయర్‌ను కాదు, పంతులును కాదు. కాగితం సంగతి మాత్రం నాకు తెలుసు.

ముందుగాల సదరెం

సదరెం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. మా దిక్కు మాత్రం అది పింఛన్ కాగితమనే లెక్క. 4,016 రూపాయల పింఛన్ వస్తే సదరెం ఉన్నట్టు, రాకుంటే దాంతోని పనేంది అన్నట్టు. అందుకే శాతం తక్కువొచ్చినోళ్లు దాన్ని బియ్యం డబ్బాల అడుగున పడేస్తరు. ఆడపిల్లయితే ఇంక చెప్పొద్దు, పెండ్లికి అడ్డమొస్తదని అసలు క్యాంపుకే తీసుకపోరు. మా ఇంట్ల మా అమ్మ కూడా అదే అన్నది. "కండ్లద్దాలు పెడితే అయిపాయె, సర్కారు కాగితం మీద గుడ్డిదని రాయించుడెందుకు?" అని ఆరు నెలలు నాతోని మాట్లాడలే. పరీక్ష హాల్ల ఆ కాగితం ఒక్కటే మన పిల్ల తరఫున మాట్లాడుతదని నాకు అర్థమయ్యే వరకు బిడ్డ తొమ్మిదికి వచ్చింది.

ఇదివరకు మీసేవల స్లాట్ తీసుకొని సదరెం క్యాంపుకు పోయేటోళ్లం. 2025 నుంచి యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు పద్ధతి వచ్చింది. స్వావలంబన్ అనే కేంద్ర పోర్టల్‌ల దరఖాస్తు పెట్టాలె, పిలిచినప్పుడు ఆస్పత్రికి పోయి డాక్టర్లకు చూపించాలె. అయినా మా దగ్గర అందరు ఇంకా సదరెం అనే అంటరు, నేను కూడా అట్లనే రాస్తున్న. కార్డు మీది పట్టీ రంగు చూస్తే శాతం తెలిసిపోతది. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆ పైన నీలం. మా బిడ్డది పసుపు.

నల్లగొండ పెద్దాస్పత్రికి మా నుంచి దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. బిడ్డకు, వాళ్లమ్మకు మహాలక్ష్మి ఉచిత బస్సు పుణ్యాన టికెట్ లేదు, నాకొక్కనికే పైసలు. పోయేముందు మూడు సంగతులు చూసుకోండ్రి. ఒకటి, ఆధార్‌ల పేరు, బడి రిజిస్టర్‌ల పేరు, దరఖాస్తుల పేరు ఒక్క తీరుగ ఉన్నయా? ఇంటిపేరు ఒక దగ్గర ముందు, ఒక దగ్గర వెనుక ఉంటే అప్పటికి ఏం కాదు. పదో తరగతి మెమో వచ్చినంక అసలు తిప్పలు మొదలైతది. రెండు, పుట్టినతేదీ. బడిల వేసేటప్పుడు చాలమంది జూన్ నెల తేదీ ఏదో ఒకటి చెప్పేసి ఉంటరు. ఆధార్‌ల ఇంకోటి ఉంటది. పది మెమో మీద పడ్డ తేదీ జీవితాంతం ఎంట వస్తది కాబట్టి తొమ్మిదిలనే సరిచేయించుకోవాలె. మూడు, పాత సర్టిఫికెట్ ఉన్నోళ్లు అది పర్మనెంటా, టెంపరరీనా చూడుండ్రి. టెంపరరీ అయితే గడువు తేదీ కింద చిన్నగ ఉంటది. పోయినేడాది ఒకామె డిసెంబర్‌ల జిరాక్స్‌కు తెచ్చిన సర్టిఫికెట్ గడువు అక్టోబర్‌ల దాటిపోయింది. నేను చెప్పేదాక ఆమెకు తెల్వదు. చూసి చెప్పాల్సినోళ్లు కూడా అప్పటిదాక చూడలే.

ఇంకో మాట, నా యాపారానికి నష్టమే అయినా చెప్తున్న. ఒరిజినల్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించకుండ్రి. మా బిడ్డ పాత సదరెం కాగితాన్ని నేనే నా చేతులతోని ముద్దుగ లామినేషన్ చేసిన. తర్వాత ఒక ఆఫీసుల ముద్ర, సంతకం ఒరిజినలా కాదా చూడాలె, ప్లాస్టిక్ తియ్యి అన్నరు. తీస్తే కాగితం ఒక పొర దాంతోనే ఊడొచ్చింది. డూప్లికేట్ తీసుకునేందుకు మళ్ల తిరిగిన. ప్లాస్టిక్ కవర్ల పెట్టుకుంటే చాలు, పది రూపాయలకు వస్తది.

చట్టంల ఏమున్నది

దివ్యాంగుల హక్కుల చట్టం 2016ల వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలుల ఉన్నది. అందుల 21 రకాల వైకల్యాలు ఉన్నయి. పాత చట్టం లెక్క ఏడు రకాలే కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, అక్షరాలు తారుమారయ్యే నేర్చుకునే ఇబ్బంది, తలసేమియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, అన్నీ ఉన్నయి. మన జిల్లాకు పేరు తెచ్చిన ఫ్లోరోసిస్ మాత్రం ఆ 21ల పేరు పెట్టి లేదు. అది శారీరక వైకల్యం కింద, అంటే చేతులు కాళ్ల కదలిక కింద వస్తది. ఫ్లోరైడ్ నీళ్లను పటికతోని, సున్నంతోని శుద్ధి చేసే పద్ధతికి దేశమంతట నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిండ్రు. ఆ నీళ్లతోని వంకరపోయిన చేతికి మాత్రం జాబితాల పేరు లేదు. సరే, అది వేరే ముచ్చట.

మనకు కావాల్సింది 17వ సెక్షన్. పరీక్షల అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో భాష మూడో భాషల నుంచి మినహాయింపు, ఈ మూడు అందుల పేర్లు పెట్టి రాసి ఉన్నయి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల దాక ఉచిత చదువు. అంటే పదిహేనేండ్లకు పది తప్పితే "ఇంక నీకు బడి లేదు" అనే హక్కు ఎవరికి లేదు. హెడ్‌మాస్టర్ కాడికి పోయినప్పుడు "సార్ జర దయజూడుండ్రి" అనే బదులు "సార్, 17వ సెక్షన్ కింద దరఖాస్తు పెడుతున్నం" అనుండ్రి. నేను రెండు తీర్ల అడిగి చూసిన. రెండో తీరు అడిగిన రోజే కుర్చీ వేసిండ్రు.

"మా వానికి 30 శాతమే వచ్చింది, ఏం రాదట" అని వెనక్కి పోయేటోళ్లు చాలమంది. సివిల్స్ రాసే ఒకాయనకు రాస్తుంటే చెయ్యి కొంకర్లు పోయే జబ్బు. 40 శాతం లేదని రాసిపెట్టే మనిషిని ఇయ్యలే. ఆయన సుప్రీంకోర్టు దాక పోయిండు. 2021 ఫిబ్రవరి 11న కోర్టు, రాయలేని ఇబ్బంది నిజంగ ఉంటే 40 శాతం లేకున్నా స్క్రైబ్‌ను, అంటే రాసిపెట్టే మనిషిని, ఇయ్యాలె అని చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టు 10న కేంద్రం 40 లోపోళ్ల కోసం వేరుగ మార్గదర్శకాలు ఇచ్చింది. రాయడం కష్టమని డాక్టర్ల సర్టిఫికెట్ కావాలె. ఆ మార్గదర్శకాల కాగితం జిరాక్స్ తీసి పెట్టుకున్న, అడిగినోళ్లకు ఉత్తగనే ఇస్తున్న.

ఎవరికి ఏది అడగాలె

అందరు అన్నీ అడుగుతరు. అట్ల అడిగితే ఆఫీసుల ఏదీ సక్కగ కాదు. పిల్లకు నిజంగ ఏది అవసరమో ఇంట్ల కూర్చొని తేల్చుకోండ్రి. గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రం ఒకటి రాయించి చూడుండ్రి. మూడు గంటల పేపర్‌ల ఎంత రాసింది, చెయ్యి ఎప్పుడు నొచ్చింది, కండ్లు ఎప్పుడు మండినయి, కాగితం మీద రాసుకోండ్రి.

చూపు పూర్తిగ లేనోళ్లు, రెండు చేతులు పనిజెయ్యనోళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నోళ్లు, ఈ మూడు రకాల పిల్లలు అడిగితే చాలు, స్క్రైబ్‌ను ఇయ్యాలె అని 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలల్ల కేంద్రం చెప్పింది. మిగిలినోళ్లు సదరెంతోని పాటు, "ఈ పిల్లకు రాయడంల ఇబ్బంది ఉన్నది" అని సివిల్ సర్జన్ స్థాయి డాక్టర్ లేదా ఆస్పత్రి సూపరింటెండెంట్ ఇచ్చిన ఇంకో సర్టిఫికెట్ పెట్టాలె. ఇక్కడనే చాలమంది దెబ్బతింటరు. మర్రిగూడ దిక్కు పిలగాడొకడు, ఫ్లోరైడ్ దెబ్బకు మోచేతులు సాపు కావు, వేళ్లు ముడుచుకోవు. పెన్నును బొటనవేలికీ అరచేతికీ నడుమ ఇరికించి రాస్తడు. సదరెంల శాతం మంచిగనే ఉన్నది, కానీ అందుల కాళ్ల సంగతే పెద్దగ రాసిండ్రు. చెయ్యి మాట ఒక్క ముక్క లేదు. వాళ్ల నాయిన ఆ ఒక్క కాగితం పెట్టి ఊకున్నడు. దరఖాస్తు వాపస్ వచ్చింది. అదృష్టం, అది డిసెంబర్. మళ్ల ఆస్పత్రికి పోయి రాత సర్టిఫికెట్ తెచ్చేందుకు టైం దొరికింది. అదే మార్చి అయితే?

చెవులు వినపడని పిల్లలకు స్క్రైబ్‌తోని పెద్దగ పని లేదు. వాళ్లకు భాషల మినహాయింపు అడగాలె. ఇన్విజిలేటర్ నోటితోని చెప్పే సూచనలు రాసి చూపియ్యమని కూడా దరఖాస్తుల ఒక వాక్యం పెట్టాలె. కాళ్ల ఇబ్బంది ఉన్నోళ్లకు కింది అంతస్తుల గది, ర్యాంపు ఉన్న సెంటర్. పాస్ మార్కుల్ల సడలింపు ఏ వైకల్యానికి ఎంత అనేది బోర్డు సర్క్యులర్‌ల ఉంటది. హెడ్‌మాస్టర్ దగ్గర ఆ కాపీ అడిగి మీరే చదువుకోండ్రి, ఇంకొకరు చెప్తే నమ్మకుండ్రి.

అక్షరాలు తిప్పి రాసే పిల్లల సంగతి వేరే. బి, డి తారుమారు, లెక్కల 61 అంటే 16 అని రాసుడు, నోటితోని అడిగితే మాత్రం జవాబు టకటక చెప్పుడు. వీళ్లను మా దగ్గర మొద్దు అంటరు, తిక్క అంటరు, నాలుగు దెబ్బలు కొట్టి కూర్చోబెడతరు. ఇది కూడా ఆ 21ల ఒకటి. కానీ సైకాలజిస్టు పరీక్ష లేకుండ సర్టిఫికెట్ రాదు, ఆ పరీక్ష ఒక్క పూటల అయ్యేది కాదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దిక్కు మనోవికాస్‌నగర్‌ల ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఇసొంటి పనులు చూస్తది, ముఖ్యంగ మేధో వైకల్యం ఉన్న పిల్లలకు. అందుకే అనుమానం ఉంటే ఎనిమిదిలనే కదలాలె.

ఏ నెలల ఏ పని

మండలంల దివ్యాంగ పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటది, అక్కడి టీచర్లను ఐఈఆర్‌పీలు అంటరు. జూన్‌ల బడి తెరవంగనే ముందుగాల వాళ్లను కలవాలె. మా భవిత మేడం లేకుంటే నాకు సగం సంగతులు తెలిసేటివే కావు. మన పిల్ల పేరు యూడైస్‌ల, అంటే సర్కారు రాసుకునే బడి పిల్లల రికార్డుల, దివ్యాంగుల కాలమ్‌ల ఎక్కిందా లేదా ఆమెనే చూసి చెప్తది. ఎక్కకపోతే వెనుక ఏది అడిగినా "రికార్డుల లేదు" అంటరు. సమగ్ర శిక్ష కింద దివ్యాంగ ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ కూడా దీని మీదనే ఆధారపడి ఉన్నది, ఏడాదికి పది నెలలు.

ఆగస్టు, సెప్టెంబర్‌ల సర్టిఫికెట్ల పని ముగించుకోవాలె. నవంబర్, డిసెంబర్‌ల పరీక్ష ఫీజు కడుతరు, రెగ్యులర్ పిల్లలకు 125 రూపాయలు. అప్పుడే హెడ్‌మాస్టర్ నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, బోర్డుకు ఎక్కిస్తడు. ఈ నామినల్ రోలే అసలు కీలకం. అందుల మన పిల్ల పేరు ఎదురుంగ వైకల్యం రకం పడిందా, మినహాయింపు అడిగిన భాష కాడ సరిగ్గ పడిందా, ఎక్కించే ముందు ప్రింట్ చూపియ్యమని అడగాలె. సార్లకు కోపం రావచ్చు. వంద మంది పిల్లల్ల ఒక్కరి కోసం వాళ్లు ఆగరు, వాళ్ల తప్పు కూడా కాదు, ఆ రోజుల్ల సర్వర్ పెట్టే గోస నేను కూడా చూసిన. అయినా అడగాలె.

దరఖాస్తు పొడుగు రాయొద్దు. షాపుకొచ్చినోళ్లకు నేను టైపు చేసిచ్చేది ఇది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు. మా కుమార్తె (పేరు), పదో తరగతి (సెక్షన్), యూడీఐడీ నంబరు (…), చూపు లోపం (…) శాతం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, 17వ సెక్షన్ ప్రకారం రాబోయే పబ్లిక్ పరీక్షల్లో స్క్రైబ్‌కు, అదనపు సమయానికి అనుమతి కోరుతున్నాము. సర్టిఫికెట్ ప్రతులు, స్క్రైబ్ బోనఫైడ్, ఫొటోలు జతచేశాము. దయచేసి జిల్లా విద్యాశాఖాధికారి గారికి పంపగలరు. ఇట్లు, (తండ్రి లేదా తల్లి సంతకం, తేదీ)."

రెండు కాపీలు తీసుకపోయి, మన కాపీ మీద "అందినది" అని సంతకం, తేదీ పెట్టించుకోండ్రి. ఇది మొహమాటపడే కాడ కాదు.

స్క్రైబ్‌ను తయారు చేసుడు

స్క్రైబ్ అంటే మన పిల్ల కంటే ఒక తరగతి కింద చదివేటోళ్లు. పదికి తొమ్మిదోళ్లు. వాళ్ల బడి నుంచి బోనఫైడ్, ఫొటోలు కావాలె. దొరకకుంటే సెంటర్‌ల ఎవరినో ఇస్తరులే అనుకుంటరు. అట్ల వచ్చినోళ్లకు మన పిల్ల మాట తీరు తెల్వదు, మన పిల్లకు వాళ్ల చేతి తీరు తెల్వదు. మేము మా అన్నబిడ్డను అడిగినం. అప్పుడు తొమ్మిది చదువుతున్నది. దస్తూరి ముత్యాల లెక్క. ఇంక ఢోకా లేదనుకున్న.

జనవరిల మొదటిరోజు ఇద్దరిని ముందర అర్రల చాప మీద కూర్చోబెట్టి లెక్కల పేపర్ ఇచ్చిన. మా బిడ్డ "ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఫైవ్ ఎక్స్" అన్నది. మా చిన్నది, అన్నబిడ్డ, ఎక్స్ రాసి పక్కన అదే సైజుల రెండు రాసింది. అది ఎక్స్‌ను రెండుతోని గుణించినట్టు అయ్యింది. సైన్స్‌ల "హెచ్ టూ ఓ" అంటే ఆ రెండును నెత్తిమీద పెట్టింది. చిన్నదాని తప్పేముంది, విన్నది విన్నట్టు రాస్తది. మూడు రోజులు కొట్లాడుకొని వాళ్లే ఒక భాష తయారు చేసుకున్నరు. "పైన చిన్న రెండు", "కింద చిన్న రెండు", "గీత గీసి కింద". వర్గమూలానికి "ఇల్లు" అని పేరు పెట్టిండ్రు. "ఇంట్ల మూడు" అంటే రూట్ మూడు. పరీక్షల ఇన్విజిలేటర్‌కు ఏమనిపించిందో గని, మాకు లెక్కల పేపర్‌ల ఒక్క గుర్తు కూడా తప్పు పోలే.

బొమ్మలు ఇంకా కష్టం. త్రిభుజం అంటే సరిపోదు. "అడుగు గీత ఆరు సెంటీమీటర్లు, ఎడమ మూల బి, కుడి మూల సి" అని వరుస పెట్టి చెప్పాలె. సోషల్‌ల మ్యాపు కోసం మా బిడ్డ ఇండియా ఆకారాన్ని అట్టముక్క మీద కత్తిరించి వేలితోని తడిమి తడిమి నేర్చుకున్నది. "గోదావరి: మహారాష్ట్రల నాసిక్ కాడ మొదలుపెట్టు, కుడికి జరుగు, తెలంగాణ నెత్తి మీదికెళ్లి కిందికి దించు, సముద్రంల కలుపు." ఆ అట్టముక్క ఇంకా మా ఇంట్ల ఉన్నది. హిందీల ఒత్తులు, మాత్రలు రాసే పిల్లకే రావాలె, ఒక్కో పదానికి స్పెల్లింగ్ చెప్పుకుంట కూర్చుంటే టైం అయిపోతది. హిందీకి పాస్ మార్కులు 20 కాబట్టి దాని మీద ఎక్కువ పానం పెట్టలే. ఇంగ్లిష్‌ల కామా, ఫుల్‌స్టాప్ కూడా నోటితోని చెప్పుడు అలవాటు కావాలె.

రెండు నెలలు, వారానికి మూడు సాయంత్రాలు. అంతకంటే తక్కువైతే సరిపోదని నా లెక్క. చిన్నదానికి రోజు సమోసా, పరీక్షలైనంక ఒక డ్రెస్. వాళ్లమ్మ, మా వదిన, "దాని తొమ్మిది పాడుగాదా" అని కొంచెం గునిసింది. పాడు కాలే. పది పోర్షన్ మొత్తం ఒకసారి చేతితోని రాసినట్టయ్యింది.

చూపు తక్కువున్నోళ్లు స్క్రైబ్ ఉన్నా ప్రశ్న తామే చదువుకోగలిగితే మంచిది. పాత పేపర్లన్నీ ఏ4 నుంచి ఏ3కి పెద్దగ చేసి ఇచ్చిన. 141 శాతం వస్తది. ఇంకా పెద్దగ కావాలంటే సగం పేజీ పెట్టి ఏ3కి లాగాలె. కాగితం తెల్లది కాకుండ కొద్దిగ పసుపు పచ్చది అయితే కండ్లు తక్కువ మండుతయని మా బిడ్డే కనిపెట్టింది.

మొదటి పేపర్ రోజు అయిన సంగతి

పదిల ఆరు సబ్జెక్టులు, సైన్స్ రెండు రోజులు, ఫిజికల్ సైన్స్ ఒకరోజు, బయాలజీ ఒకరోజు. పెద్ద పేపర్లు 9:30 నుంచి 12:30, సైన్స్‌వి ఒక్కోటి గంటన్నర. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనం, అంటే మూడు గంటల పేపర్‌కు ఒక గంట. మన పిల్ల అనుమతి కాగితం మీద ఎంత రాసిండ్రో చూసుకోండ్రి, హాల్ల నడిచేది అదే.

మా బిడ్డ అనుమతి కాగితం సెంటర్‌కు పోయింది, కానీ ఆమె కూర్చున్న గది దాక పోలే. తెలుగు పేపర్ రోజు 12:30కు బెల్లు కొట్టంగనే ఇన్విజిలేటర్ కాగితం గుంజుకున్నది. "మాకు ఇంకా టైం ఉన్నది మేడం" అని మా బిడ్డ చెప్పింది. మాకు ఆర్డర్ లేదన్నరు. లేఖ సగంల ఆగింది, "ఇట్లు" దాక రాలే. చిన్నది బయటకొచ్చి నా కంటే ముందు ఏడ్చింది, నా వల్లనే లేటైంది చిన్నాయిన అని.

తెల్లారి నేను పొద్దుగాల ఎనిమిదిటికే సెంటర్‌కు పోయి చీఫ్ సూపరింటెండెంట్ సార్‌ను కలిసి అనుమతి కాపీలు మూడు ఇచ్చిన. ఆయన మంచోడు, ఒక కాపీ మీద గది నంబరు రాసి, టైం రాసి, సంతకం పెట్టి ఆ గదికే పంపిండు. మిగతా పేపర్లు సక్కగ అయినయి. కాబట్టి మీరు ఆ పని పరీక్ష ముందురోజే చేయుండ్రి. సెంటర్ చూసే పేరు మీద పోయి, చీఫ్ సూపరింటెండెంట్ చేతికి కాపీ ఇచ్చి, గది ఎక్కడో, రాసిపెట్టే పిల్లతోని మాట్లాడితే పక్కోళ్లకు వినపడకుండ వేరే గది ఉన్నదో లేదో అడిగి రావాలె. ఇంకో కాపీ పిల్ల హాల్‌టికెట్‌తోని ఉండాలె. లోపటికి మనల్ని రానియ్యరు, ఆ కాగితమే పోతది.

తప్పితే, లేదా బడికి పోలేకపోతే

తప్పితే సప్లిమెంటరీ ఉన్నది, దానికి కూడా స్క్రైబ్ అనుమతి మళ్ల అడిగి పెట్టుకోవాలె, పాతది నడుస్తదిలే అని ఊకోవద్దు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500, రీవెరిఫికేషన్‌కు 1,000.

రోజూ బడికి పోలేని పిల్లలకు, ఆరు సబ్జెక్టులు మోయలేని పిల్లలకు ఓపెన్ స్కూల్ మంచి దారి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఒకటి, కేంద్రానిది ఎన్‌ఐఓఎస్ ఒకటి. పదికి 14 ఏండ్లు నిండాలె. అయిదు సబ్జెక్టులు చాలు, అందుల ఒక భాష ఉంటే సరిపోతది. అయిదేండ్లల్ల కొన్ని కొన్ని సబ్జెక్టులు రాసుకుంట పోవచ్చు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. రెగ్యులర్‌ల పాసైన సబ్జెక్టులు ఉంటే రెండింటి దాక మార్కులు బదిలీ చేసుకునే వీలు ఎన్‌ఐఓఎస్‌ల ఉన్నది. చందంపేట దిక్కు ఒక తండా నుంచి ఒక తల్లి వస్తది, కొడుకుకు మేధో వైకల్యం. లెక్కలు వానితోని కావు, హోంసైన్స్ మీద మాత్రం మస్తు ఇష్టం. అన్నం వండుడు, కూర తరుగుడు వానికి ఇంట్ల రోజూ పనే. ఆ సబ్జెక్టు పెట్టుకున్నరు. ఇప్పటికి రెండు అయిపోయినయి. అసొంటి పిల్లలకు పది చాల దూరమనిపిస్తే ఎన్‌ఐఓఎస్‌లనే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉన్నది, మూడు, అయిదు, ఎనిమిది తరగతులతోని సమానంగ మూడు మెట్లు.

ఓపెన్ స్కూల్ పేరు చెప్పి "పైసలియ్యి, నువ్వు రాకున్నా పాస్" అనేటోళ్లు బస్టాండ్ చుట్టు తిరుగుతుంటరు. నా షాపుల వాళ్ల పాంప్లెట్లు నేను వెయ్య.

పది పాసయినంక ఈ కాగితాలన్నీ పారెయ్యకుండ్రి. సర్కారు, ఎయిడెడ్ కాలేజీల్ల పై చదువులకు 40 శాతం పైనున్నోళ్లకు 5 శాతం సీట్లు, వయసుల అయిదేండ్ల సడలింపు ఉన్నయి, 32వ సెక్షన్. మా బిడ్డ ఇప్పుడు ఇంటర్‌ల ఆర్ట్స్ చదువుతున్నది. అన్నబిడ్డ పది రాసేటప్పుడు ఈమెనే పక్కన కూర్చొని "పైన చిన్న రెండు" అనుకుంట పాఠాలు అప్పజెప్పించుకున్నది.

మెమో చేతికొచ్చిన రోజు పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం చూడుండ్రి. తప్పుంటే అదే వారం హెడ్‌మాస్టర్ కాడికి పోవాలె. తర్వాత అయిదు జిరాక్స్‌లు తీయించి ఒరిజినల్‌ను పది రూపాయల కవర్ల పెట్టుకోండ్రి. దాన్ని కూడా లామినేషన్‌కు నా దగ్గరికి తేవద్దు.